క్రావడి

అడిక్‌మెట్ వంతెన దిగగానే
థీసిసులు బైండు చేసే వీధిలో
మెట్ల కింది గదికి షట్టరు సగమే లేస్తుంది.
ఎవరైనా సరే, వంగి లోపలికి వెళ్ళాలి.
పదకొండేళ్ళు రాసిన పుస్తకాన్ని
చంకలో పెట్టుకుని నేనూ వంగాను.

పేజీకి ఇరవై అంది అండాలు.
(అండాలు ఆమె పేరు కాదు. ఎందుకో తర్వాత చెబుతాను.)
పద్దెనిమిది చేసుకోమన్నాను.
"నాలుగొందల పేజీలున్నాయి కదమ్మా,"
ఎక్కువ పని ఇచ్చేవాడికి
తక్కువ ఇచ్చే హక్కున్నట్టు.
మూడో అధ్యాయంలో సరిగ్గా ఈ మాటే
ఒక గుత్తేదారు నోట్లో పెట్టి
రెండు పేజీలు తిట్టాను.
అది అప్పుడు గుర్తురాలేదు.

మొదటి ప్రూఫు వచ్చింది.
పాత ఫాంటు కొత్త ఫాంటులోకి దూకేటప్పుడు
క్రావడి జారిపోయిందట.
శ్రమ ఉన్న ప్రతిచోటా శమ.
శమశక్తి. శమ విభజన. అదనపు శమ.
నిఘంటువు తీస్తే శమమంటే నెమ్మది, శాంతి, ఓర్పు.
నా పుస్తకంలో కార్మికులంతా
ఎనిమిదేసి గంటలు శాంతిని అమ్ముకుంటున్నారు.
నవ్వొచ్చింది.
ఆ పైన రాలేదు.

"అన్నీ ఒక్క దెబ్బకు మార్చలేవా?"
"మారుస్తే 'దేశమంతా' గూడ
'దేశ్రమంతా' అయితది సార్.
ఒక్కొక్కటి చూసుకుంట పెట్టాలె."

పెట్టింది. ఆరువందల ముప్పై చోట్ల.
అక్షరాన్ని ఎడమవైపు నుంచి చుట్టి
కిందినుంచి పట్టుకునే ఆ చిన్న కొక్కెం.
రెండు ప్రూఫులు ఊరికే దిద్దాలి,
అది ఈ వీధి ఆచారం.
ఆచారానికి నా నాలుగో అధ్యాయంలో
వేరే పేరుంది.

రాత్రి తొమ్మిదికి మళ్ళీ వెళ్ళాను, ఏదో పేరా కలపాలని.
నా పుస్తకం మూసేసి ఉంది.
తెర నిండా ఎక్కడిదో వీధి, మంచు.
స్తంభం చుట్టూ డబ్బా గీస్తోంది, కుక్క చుట్టూ డబ్బా,
గొడుగు పట్టుకున్న ముసలావిడ చుట్టూ డబ్బా.
డ్రైవరు లేని బండికి
రోడ్డు మీద మనిషిని గుర్తుపట్టడం నేర్పుతోందట.
బొమ్మకు నలభై పైసలు. తప్పు గీస్తే కోత.

"ఏ ఊరమ్మా ఇది?"
"ఎర్కలేదు సార్."
"డబ్బులెవరిస్తారు?"
"నారాయణగూడల ఒకాయన.
ఆయన మీద మాదాపూర్ల కంపెనీ.
దాని మీద మనీలా అంటరు.
దాని మీద ఎవరున్నరో ఆయనకే తెల్వదు."
చూపు తెర మీంచి తిప్పలేదు.
నేను ఆరు పట్టికలు, రెండు పటాలు వేసి
ఎక్కలేకపోయిన నిచ్చెన అది.

"ఇరవై ఏడో పాదసూచికలో
నీ సంగతి రాస్తాను" అన్నాను. ఉదారంగానే అన్నాను.
"వద్దు సార్. ఎవ్వరికీ చెప్పనని సంతకం పెట్టిన."
కాసేపాగి,
"మీ బుక్కు ఎవరు సదువుతరు గని...
అయినా వద్దు."

ఇరవై ఏడు అంకె అలాగే ఉంది.
దాని కింద ఏమీ లేదు.
బిల్లులో ఆఖరున మిగిలిన ఖాళీ పేజీ కూడా లెక్కేసింది.
నోరు తెరిచి, మూసుకున్నాను.
ఇరవై చొప్పున ఇద్దామనే అనుకున్నాను,
జేబులో పద్దెనిమిది చొప్పునే తెచ్చుకున్నాను.

అచ్చయ్యాక చూస్తే
రెండొందల పన్నెండో పేజీ అడుగున
ఒక్క శమ మిగిలిపోయింది.
ఆమెకు చెప్పలేదు.
చెబితే
ఊరికే దిద్దుతుంది.