కమ్మరి కన్ను

అరచేతిలో ఇమిడేంత పట్టకారు.
లారీ స్ప్రింగు ముక్క కాల్చి, సాగగొట్టి, రెండుగా వంచి
కొసలు కలిసేచోట నా గడ్డం వెంట్రుక పెట్టి లాగి చూస్తాను.
జారిందా, మళ్ళీ కొలిమిలోకే.
శనివారం సంతలో ఆడవాళ్ళు కొంటారు.
డబ్బులు నా చేతికివ్వరు, నేల మీద పెడతారు.
మొహం పక్కకి తిప్పుకునే బేరమాడతారు.

గొజ్జామ్ కొండల్లో కమ్మరి చూపు మంచిది కాదంటారు.
మేం చూస్తే పాలు విరుగుతాయట, పిల్లలు వాడిపోతారట.
రెప్ప వెంట్రుకలు లోపలికి తిరిగి గుచ్చుకుంటే
అదీ నా దిష్టేనట.
దిష్టీ నాదే, విరుగుడూ నాదేనా?
ఎవరినీ అడగలేదు.
పట్టకార్లు అమ్ముడవుతున్నాయి కదా.

నా భార్య పేరు ఐనలెమ్.
మా మాటలో, లోకానికి కన్ను.
ఇరవై ఏళ్ళుగా పది రోజులకోసారి
ఆ లోకపు కన్నుని వాకిట్లో ఎండకెత్తి పట్టి
ఒక్కొక్క వెంట్రుకే పీకుతున్నాను.
కొన్ని కుదురుతో వస్తాయి.
కొన్ని నడుమ తెగి, వారం తిరిగేసరికి మొండి ముళ్ళై మొలుస్తాయి.
పొయ్యి దగ్గర కూర్చోలేదు, పొగ.
చేలోకి దిగలేదు, ఎండ.
రాత్రి రెప్ప వాలిస్తే
మా ఇంట కంచే చేను మేసేది.

కోతలయ్యాక మెక్వానింట్ అనే కుర్రాడు
గాడిద మీద మందుల పెట్టెతో వచ్చాడు.
ఐనలెమ్ రెప్పని వేలితో తిరగేసి
"రా, చూడు" అన్నాడు నన్ను.
నన్ను ఎవరైనా చూడమనడం అదే మొదలు.
లోపల ఎర్రగా, నున్నగా ఉండాల్సిన చోట
తెల్లటి గీతలు, ఎండిన మడిలో నెర్రెల్లా.

"చిన్నప్పటిదిది" అన్నాడు.
"పిల్ల కంటి పుసి మీద వాలిన ఈగ ఇంకో పిల్ల కంటి మీద వాలుతుంది.
తల్లి నెతెల కొంగుతోనే పిల్ల ముక్కు తుడుస్తుంది,
ఆ కొంగుతోనే పిల్ల కళ్ళు, ఆ కొంగుతోనే తన కళ్ళు.
కనపడని పురుగు. ఒకసారి వస్తే పోతుంది.
వచ్చి పోయి, వచ్చి పోయి, చివరికి మచ్చ మిగులుతుంది.
మచ్చ బిగుస్తుంది. రెప్ప అంచుని లోపలికి లాగుతుంది."

నాకు కొలిమితిత్తి గుర్తొచ్చింది.
మేకతోలు ఒక్కవైపే సెగ తగిలితే
ఆ వైపుకే ముడుచుకుపోతుంది.
ఎన్ని తిత్తులు పారేశాను!
ఇంత తెలిసినవాణ్ణి, ఇది తెలుసుకోలేకపోయాను.

వాగు గంటన్నర నడక.
మోసుకొచ్చిన కడవలో మనిషికి, దూడకి, వంటకి వాటా ఉంది.
మొహానికి ఎప్పుడూ లేదు.

"మరి కమ్మరి చూపు?" అన్నాను మెల్లగా.
అతను నవ్వలేదు.
"ఈగకి కమ్మరెవరో తెలీదు తాతా."

బడి బెంచీ మీద పడుకోబెట్టి మత్తు సూది పొడిచాడు.
నేను టార్చి పట్టుకున్నాను.
కోశాడు, అంచుని బయటికి మడిచాడు, కుట్టాడు.
అతని చేతిలోదీ పట్టకారే, నాదానికంటే సన్నం.
కొసలు కలిసేచోటు గమనించాను.
ఎవరో పనితనం ఉన్నవాడే చేశాడు.

మర్నాడు కట్టు విప్పారు.
ఎడమ కంటి మీద తెల్లపొర అలాగే ఉంది, అది పోదన్నాడు.
కుడి కంటితో ఆమె నన్ను చాలాసేపు చూసింది.
"గడ్డం ఎప్పుడు నెరిసింది నీకు?"

ఈ శనివారం తొమ్మిది పెడితే రెండే పోయాయి.
తట్ట సర్దుకుంటుంటే యెజినా వచ్చింది,
నేను ఎదురైతే కొడుకు మొహం కప్పేసే యెజినా.
పిల్లాడి మడమలో తుమ్మముల్లు.
నా ముందు కూర్చోబెట్టింది.
నెతెల కొంగు వాడి మొహం దాకా వెళ్ళి
ఆగి, వెనక్కి వచ్చింది.

ముల్లు చిన్నదే.
వాడు రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తున్నాడు,
కంటి కొసన రెండు ఈగలు.

ముందు ఈగల్ని తోలాను.