ఎడమ మూల

వేలం రెండో రోజు రాత్రి ఇసకపల్లిలో కరెంటు లేదు.
అల్లూరు రోడ్డు మీద టీ అంగట్లో
పదకొండు మందిమి, ఒక్క ఫోను.
కూతగాళ్ళు లక్షలకు లక్షలు పలుకుతా ఉండారు.
మా మస్తానయ్య పేరు ఆఖర్న వచ్చింది,
మూడొందల పన్నెండో నంబరు,
తెర మీద నాలుగు సెకన్లు.
ఒక్క చెయ్యీ లేవలా.
సుత్తి కూడా కొట్టలా, ఊరికే పేరు మార్చేశారు.
అంగడి రత్తమ్మ గ్లాసులు కడగతా అడిగింది:
"మనోడిది అయిపోయిందా, ఇంకా రాలేదా?"

తెల్లారి మడుల్లోకే దిగాడు.
ఉప్పుకీ అంతే గదా. రేటు రాని ఏడు
రాశి పోసి, తాటాకు కప్పి
మబ్బు వంక చూస్తా కూసోవడమే.
గొర్రు లాగే చేతులకు మణికట్టు కాడ వేరే బలం ఉంటది,
నాకు తెలుసు.
పన్నెండేళ్ళు ఆ చెయ్యి పట్టుకుని ఆడింది నేను.
గొలుసులో వాడు మూల, నేను పక్క.
కూతగాడు గీత దాటి రాంగానే
వాడి వేళ్ళు నా అరచేతిలో ఒకసారి నొక్కేవి.
ఆ నొక్కుడికి అర్థం ఆగు అనా, దూకు అనా
ఇంతవరకు ఎవరికీ చెప్పలా.

పంతొమ్మిదో రోజు ఫోనొచ్చింది.
ఎవరిదో మోకాలు పోయిందంట.
ఎవరిదో వాడు అడగలా.
బిట్రగుంటలో రైలెక్కినాక మాత్రం
"పాపం రా" అన్నాడు, కిటికీలోంచి.

ఇచ్చిన బనీను మీద పాత పేరు పీకేసిన జిగురు,
దాని మీద వీడి పేరు, అందులో ఒక అక్షరం తక్కువ.
అరికాళ్ళు చూసి డాక్టరు ఇదేం జబ్బన్నాడంట.
జబ్బు గాదు సార్, ఉప్పు.

మూడు సీజన్లు. ఇరవై రెండు ఆటలు.
బెంచీ మీద కూర్చున్నవి ఎవరూ లెక్క వెయ్యలా.
ఒక రాత్రి, ఎక్కడో ఉత్తరాది చలి ఊళ్ళో
నలభై సెకన్లు మిగిలినప్పుడు
కోటిన్నర పలికినవాడు బోనస్ గీత మీదికి కాలు చాపాడు.
చాపాడు, అంతే,
మడమ వీడి చేతుల్లో ఉంది.
అతను లాగాడు. గొర్రు లాగినట్టు వీడూ లాగాడు.
కూత తెగింది.
టీవీలో ఆ పట్టు మూడుసార్లు తిప్పి చూపించారు,
మూడుసార్లూ కెమెరా కిందపడినవాడి మొహం మీదే.
మాకు కనపడింది ఒక మోచెయ్యి.
ఆ మోచేతికే విజిళ్ళేశాం.

నాలుగో ఏడు ఒక మెసేజీ. థాంక్స్ అని మొదలైంది.
అట్టా మొదలైంది ఎట్టా ముగుస్తదో
చదవనక్కర్లా.

ఇప్పుడు లారీల కాడ బస్తాల లెక్క రాస్తాడు.
మొన్న కొత్త పిల్లోడెవడో అడిగాడు,
అన్నా, నిన్నెంతకు కొన్నారు?
"ఎవురూ కొనలా," అన్నాడు. "పిలిచారు. పొయినా."
మళ్ళీ లెక్కలో పడ్డాడు, నూట నలభై, నూట నలభై ఒకటి.
పైనుంచి బస్తా జారింది.
ఇద్దరం ఒకేసారి చేతులు వేసినాం,
అడుగున వాడి వేళ్ళు నా వేళ్ళను ఒకసారి నొక్కినాయి.
నేను ఆగినా.
నూట నలభై రెండు, అన్నాడు.