ముక్కులో బరువు

పెట్టె మీది బొమ్మ చూసి పడిపోవద్దబ్బీ ఓబులేసూ.
పైన పటారం.
మంటలు కక్కుతా మబ్బుల్లో దూసుకుపొయ్యే ఆ జెట్టు
లోపల ఉండదు.
లోపల ఉండేది బూడిదరంగు ఈనెలు,
ఈనెలకు అతుక్కుని రెక్కా, తోకా, చక్రాలూ.
చింతాకు ఒలిచినట్టు
ఒక్కొక్కటీ ఒలుచుకోవాల.

హవల్లీలో అబూ నిజార్ అంగడికి
శుక్రవారం అసర్ నమాజు అయినాక పో.
అప్పుడాయనకు తీరిక. మూత తీసి చూడనిస్తాడు.
చూడనియ్యనోడి దగ్గర కొనొద్దు.
రాయచోటి సంతలో
గిత్తను పళ్లు చూడకుండా కొంటామా?

మొదట గోరు పెట్టి గీయి.
రేకు అతుకుల గీత లోపలికి ఉండాల,
గోటికి తగిలీ తగలనట్టు.
బయటికి ఉబ్బి ఉంటే అది పాత అచ్చు,
పాత ముంతకు కొత్త కళాయి.
షువైఖ్ గ్యారేజీలో పదకొండేండ్లు
డెంట్లు తీసిన వేలు నాది,
కంటికన్నా ముందు దానికే తెలుస్తాది.

అద్దం ముక్కను లైటుకు ఎదురుగా పట్టు.
నీళ్లలో నానేసి అతికించే గుర్తుల కాయితం
పచ్చగా తిరిగిందా, వదిలెయ్.
ఎన్ని ఎండాకాలాలు గోదాంలో మగ్గిందో,
నీళ్లు తగిలితే ముక్కలైపోతాది.

సైజంటావా.
నలభై ఎనిమిదో వంతు అందంగా ఉంటాది, నిజమే.
నీ మంచం కింద ఎంత చోటుంది?
జహ్రా గదిలో ఆరుగురం.
డెబ్బై రెండో వంతు తీసుకో.

ఇంత చెప్పేటోణ్ణి, మొదట నేనే తప్పు కొన్నా.
రెండు తోకలది, పెద్దది,
రెక్కల కింద బాంబులు గెలలు గెలలు.
మాబుపీరా చిన్నాయన కింది మంచంలోంచి చూసి
"ఇది కాదు" అన్నాడు.
ఏది కాదు?
"తొంభైలో నేను చూసింది పొట్టిది.
కాళ్లు మాత్రం పొడుగు. కొంగ మాదిరి నిలబడ్యాది."
ఆగస్టు నెల, ఇరవై రెండేండ్లోడు,
టీ ఫ్లాస్కు పట్టుకుని రోడ్డు పక్కన పోతా ఉంటే
ఆ రోడ్డు మీదనే దిగిందంట విమానం.
ముప్పై ఏండ్లు దాటినా అదే చెప్తాడు.
నమ్మినోడు లేడు.
నేనూ నమ్మలా.

అయినా మళ్లీ పోయినా.
స్కైహాకులు మూడు కంపెనీలవి ఉన్నాయి.
మూడు మూతలూ తీయించి
గీతలు చూడలా, అద్దం చూడలా,
కాళ్లు చూసినా.
రెండింట్లో కురచ.
మూడోదాంట్లో ముందుకాలు
నా చిటికెన వేలి కణుపు దాటింది.
అబూ నిజార్ నవ్వినాడు, కొలబద్ద ఇస్తానన్నాడు.
నాలుగున్నర దినార్లు. బేరం ఆడలా.

రంగేదని అడిగితే
చిన్నాయన చాలాసేపు కండ్లు మూసుకున్నాడు.
కాయితంలో మూడు రంగులు రాసినారు.
"దుమ్ము" అన్నాడు. "దుమ్మే చూసినా నేను."
(గ్యారేజీ రంగు మాత్రం కొట్టొద్దబ్బీ,
ప్లాస్టిక్కు వెన్న మాదిరి కరుగుతాది.)
బాంబులు ఈనెకే ఉన్నాయి, ఒలవలా ఇంకా.

ఆఖరుది, పెట్టె మీద రాయనిది:
ఇట్లాంటి జెట్టుకు ముక్కులో బరువు పెట్టకుంటే
తోక మీద కూలబడతాది.
రెండు సగాలూ అతికించక ముందే పెట్టాల.
తర్వాత దారి లేదు.
నేను నట్టు కోసం వెతుకుతా ఉంటే
చిన్నాయన గాలం డబ్బా తెరిచి
దారానికున్న సీసం గుండును
పండ్లతో కొరికి తెంపి ఇచ్చినాడు.

నేల మీద పెట్టినాం.
మూడు కాళ్ల మీద నిలబడింది.
ఏసీ గాలికి కూడా కదల్లా.
ఆయన మంచం దిగి
బోర్లా పండుకున్నాడు,
చెంప సిమెంటుకు ఆనించి
దాని కడుపు కిందికి చూస్తా.

"అప్పుడూ ఇట్లనే పండుకోని చూసినా.
ఫ్లాస్కు పగిలిందిరా" అన్నాడు.