పొగ దారి

వేట నిషేధం, నలభై రెండో రోజు.
భావనపాడు ఇసకలో పడవలన్నీ పక్కకి ఒరిగి
కడుపులు ఎండబెట్టుకుంటున్నాయి.
నేను కర్రి వరహాలు బోటులో, ఇంజను పెట్టెలోకి దూరాను
మోకాళ్ళు గెడ్డానికి ఆనించి,
పదమూడో నెంబరు పానా పళ్ళ మధ్య కరుచుకుని.

ముందు చెయ్యి చూడాలి, కన్ను తర్వాత.
ఇంజను చల్లగా ఉన్నప్పుడే గొట్టాన్ని నిమరాలి.
తుప్పు పెచ్చులు వేలికి గుచ్చుకుంటాయి.
చుట్టిన తాడు ఎక్కడ వదులైందో,
క్లాంపు కింద మసి ఎక్కడ గీత గీసిందో
(నల్లగీత ఉందంటే అక్కణ్ణించి పొగ కారుతున్నట్టే)
అరచేతికి తెలుస్తుంది.
"వొంపు కాడ సూడ్రా" అనేవాడు
నాకు పని నేర్పిన మైలపల్లి కోదండం.
"ఉప్పు ఆడే కూకుంటాది."

రంగులు కూడా ఆయనే చెప్పాడు.
నల్లపొగ అయితే ఇంజనుకి గాలి చాలట్లేదు, లేదా బరువెక్కువైంది.
నీలంపొగ అయితే ఆయిలు తాగుతోంది.
తెల్లపొగ పొద్దున్న పూట పర్లేదు,
మధ్యాన్నం కూడా తెల్లగానే వస్తే
నీళ్ళు లోపలికి దిగాయని.
రంగు లేనిదాని గురించి చెప్పలేదు.
ఆయనకీ తెలీదేమో,
మూత లేని తెప్పల కాలం ఆయనది.

పైన చెక్క మీద కూచుని టార్చి పట్టుకున్నవాడు నీలాద్రి.
పద్దెనిమిది నిండలేదు.
వెలుగు నా చేతి మీద ఉంచమంటే ఉంచుతాడు,
కాసేపటికి అది మెల్లగా జారి
నా భుజం మీదికి, తర్వాత ఎక్కడికో పోతుంది.
"ఓరి, ఇటు" అంటాను.
"ఆఁ మావా" అంటాడు.
ఇంతకుముందు ఇలా ఉండేవాడు కాదు.
వల ఎక్కడ చిరిగిందో చీకట్లో తడిమి చెప్పేసే గుంటడు.

దసరా వెళ్ళిన పదో రోజు, వాన.
చీకటి పడేలోగా బోటు దిగాలి.
గొట్టానికి బొటనవేలంత కన్నం.
"ఈ ఒక్క ఏటకీ లాగించీరా" అన్నాడు వరహాలు.
లాగించేశాను.
పాలడబ్బా కోసి, రేకు చుట్టి, రెండు క్లాంపులు బిగించి,
సందుల్లో ఎమ్‌సీల్ మెత్తి.
రెండొందలు ఇచ్చాడు. తీసుకున్నాను.

ఆ రాత్రి తడిసి, వణికి, వెచ్చగా ఉంటుందని
నీలాద్రి ఈ పెట్టె పక్కనే
టార్పాలిన్ కింద ముడుచుకున్నాడు.
వల లాగడానికి లేపితే లేవలేదు.
మొహం ఎర్రగా, మంచి ఆరోగ్యంగా ఉందట.
అదే చెబుతారు అందరూ, ఇప్పటికీ,
ఎంత ఎర్రగా ఉన్నాడో అని.
గాలిలోకి ఈడ్చి పడుకోబెడితే
పొద్దెక్కాక కళ్ళు తెరిచాడు.
టెక్కలి ఆస్పత్రిలో తొమ్మిది రోజులు.
గంగమ్మకి కోడిని కోశారు.
గొట్టం జోలికి ఎవరూ పోలేదు.
నేనూ.

ఇవాళ పలకలన్నీ తీసేసి, గాలి ఆడనిచ్చి,
డ్రమ్ములో నీళ్ళు పెట్టి ఇంజను తిప్పాం.
వాడి చేతికి అగరొత్తి ఇచ్చాను.
అతుకు అతుక్కీ దగ్గరగా పట్టాలి, తొందర లేకుండా.
ఈ పనిలో వాడి చెయ్యి జారలేదు.
అగరొత్తి పొగ సన్నగా నిలబడి వస్తోంది, వస్తోంది,
ఒకచోట ఎవరో ఊదినట్టు
తల పక్కకి తిప్పేసింది.
"ఇక్కడ మావా."
నాకు తెలుసు ఎక్కడో.

ఇంజను ఆపి, అది చల్లారేదాకా ముంజెలు తిన్నాం.
క్లాంపులు విప్పితే రేకు ఊడి వాడి కాళ్ళ దగ్గర పడింది.
మసి కింద సగం ఆవు బొమ్మ.
"ఇదెవులు సుట్టినారు?"
"నాను."
రేకు తిప్పి, గోటితో మసి గీకి
ఆవు మిగతా సగం ఉందేమోనని చూశాడు.
కాలిపోయింది.
"కొత్త గొట్టం ఎంతవుద్ది?" అని అడిగాడు.
చెప్పాను.
టార్చి వెలిగించి రెండో వంపు మీద పెట్టాడు.
నేను పానా కోసం వెతుక్కుంటున్నాను.
చేతిలోనే ఉంది.