ఎవరి పద్దు

తెల్లారి మంచం దిగుతుంటే
పిక్కలు పట్టేసినయ్.
కుడిది జర ఎక్కువ.

ఉగాది ముందల చండూరు డాక్టరు
నా నెత్తురు చీటి మీద
రెండు వందల డెబ్బై కింద ఎర్రగీత గీసిండు.
రాత్రికొక గోలీ. నూనె బంద్. నెయ్యి బంద్.
గాండ్లోనికి నూనె బంద్!
గిద్దె, సోల, తవ్వ, మానెడు
ఊరందరికి కొలిచిపోసిన చెయ్యి నాది.
ఇయ్యాల నన్నే కొలిచి
ఎచ్చున్నవన్నరు.

మా నాయిన ఈదయ్య
గంతలు గట్టిన ఎద్దెనుక నలభై ఏండ్లు తిరిగిండు,
ఊరు దాటకుంట.
గానుగ మొదటి ధార జొన్నరొట్టె మీద పట్టి
ఇంత ఉప్పు చల్లుకొని తిన్నడు పొద్దుపొద్దున.
ఎనభై రెండుకు పోయిండు. గుండెతోని గాదు,
మర్రిగూడ బోరు నీళ్లు వంచిన నడుముతోని.
ఈ ముచ్చట మా ఇంట్ల అందరు చెప్తరు.

గదే ధార, గదే రొట్టె తిన్న మా చిన్నాయిన
నలభై ఆరుకే, చేతుల తరాజు చేతులనే ఉండంగ
పల్లి బస్తా మీద ఒరిగిండు.
గది ఎవ్వరు చెప్పరు.

నడుమ ఒక కాలమొచ్చింది.
గానుగ నూనె పాపం,
గుండె బొమ్మున్న ప్యాకెట్ పుణ్యం.
ఎద్దునమ్మినం.
మొద్దు చీరి పొయ్యిల పెట్టినం,
తాతల నాటి నూనె తాగిన కట్టె గదా,
మూడు నెలలు మండింది.
ఇప్పుడు పట్నం కార్లొచ్చి అడుగుతున్నయ్:
"చెక్క గానుగదేనా? ఎంతైనా సరే."
నూనె మీద కేసు కొట్టేసినట్టున్నరు.
ఎద్దుకు మాత్రం ఎవరూ కబురు పంపలే.

హోటల్ కాడ ఊషయ్య ఫోన్ల వీడియో పెట్టిండు:
గోలీలన్ని కంపిన్ల దందానేనట,
నెయ్యి తాగినా గుండెకేంగాదట.
మెడికల్ షాపు జానిమియాను అడిగితే
"ఆపకు కాకా, ఆపినోళ్ల దినాలకు పోయొచ్చిన" అన్నడు.
ఆపకుంట మింగినోళ్లయి?
చిల్లర లెక్కవెడుతు
"అయీ పోయిన. జర తక్కువ" అన్నడు.
ఆ జర తక్కువ కాడనే ఉన్నది నా పానమంత.

నొప్పి మాటకొస్తే
మా ఊర్ల నొయ్యని మోకాలు దొరికితే
తెచ్చి నాకు సూపియ్యిండ్రి.
కిష్ణ నీళ్లొచ్చినంక పిలగాండ్ల పండ్లు తెల్లగైనయ్ గని
నా బొక్కలు ఇంక పాత బోరునే తాగుతున్నయ్.
మరి గీ పిక్కల గుంజుడు
నీళ్లదా, గోలీదా, యాభై తొమ్మిదేండ్లదా?
ఉద్దెర బుక్కుల పేరు లేకుంట పద్దు రాయనోణ్ణి నేను.

అందుకని గోలీ ఆపిన.
మూడొద్దులకే కాళ్లు తేలికైనయ్.
పదో నాడు జోరుగ అన్న:
"సూసినవా అండాలూ, దొంగ దొరికిండు!"
అండాలు చెరుగుతున్న చేట ఆపి
నా దిక్కు సూసింది.
"దొంగ నీ కడుపులనే ఉన్నడు.
రోజూ రాత్రి సల్లల నూరి పోస్తున్న."

అరిచిన. గిలాస ఇసిరిన.
అది దొర్లి దొర్లి అర్రల ఆగేదాంక ఊకుండి
ఒక్క మాటన్నది:
"మీ చిన్నాయిన తరాజు అటక మీదనే ఉన్నది,
దించుమంటవా?"

నిన్న రాత్రి మల్ల సల్లిచ్చింది.
ఏసినవా అని నేనడుగలే,
ఏసిన అని ఆమె అనలే.
అడుగున తెల్లగ ఏదో నాల్కకు ఆనింది.
సల్ల సుత తెల్లగనే ఉంటది.

ఇయ్యాల పిక్కలు పట్టినయ్.
ఉద్దెర బుక్కు తీసి తారీకు ఏసిన,
నొప్పి అని రాసిన.
పేరు కాడ జాగ ఇడిసిపెట్టిన.