నీలి కాగితం

ఎస్సవీరా కోటగోడ కింద
వరసగా కొట్లు, ఒక్కో కొట్లో ఒక్కో రంపం దగ్గు.
ఉప్పుగాలికి బోర్డుల మీద పేర్లు సగం ఎగిరిపోయాయి.
ఏడో కొట్లో సీ మహ్జూబ్
ఆలివ్ గింజ కొరికి
కుడి దవడ పన్ను విరగ్గొట్టుకున్నాడు.

ఊడిన ముక్కని అరచేతిలో పెట్టుకుని
అటూ ఇటూ తిప్పి చూశాడు,
పోగు ఎటు నడిచిందోనని.
పంటికి పోగు ఉండదని
డాక్టర్ జుహూర్ చెప్పేదాకా నమ్మలేదు.

"ఏదో ఒకటి కూరెయ్ తల్లీ."
"గుంత పెద్దది. కూరితే ఆగదు, పొదగాలి.
బయట చేసి తెచ్చి, లోపల కూర్చోబెట్టాలి."

ఆ మాటకి వాలుకుర్చీలో లేచి కూర్చున్నాడు
యాభై ఆరేళ్లుగా అదే పని చేస్తున్న మనిషి.
థుయా వేరుగడ్డలో నిమ్మచెక్క,
నిమ్మచెక్కలో నల్లచేవ,
నల్లచేవలో గోరంత ముత్యపుచిప్ప.
పెళ్లికూతుళ్ల నగల పెట్టెలు, చదరంగం బల్లలు,
ఒకసారి ఒక జడ్జిగారి చేతికర్ర.
(డబ్బు ఇంకా రావాలి.)

డ్రిల్లు ఆగిన ప్రతిసారీ
కొత్తగా చేరిన కుర్రాణ్ణి అడిగినట్టు అడిగాడు:
గోడలు నిట్టనిలువా?
"కాదు, పైకి కాస్త విచ్చుకోవాలి. లేకపోతే ముక్క దిగదు."
మరీ విచ్చుకుంటే?
"ఊడొస్తుంది."
మూలలు?
"గుండ్రంగా. పదునైన మూల దగ్గరే పగులు పుడుతుంది."
అతను తలూపాడు.
ఆమె కదలొద్దంది.

పది రోజులు ఏదో మెత్తటి బిరడా.
పది రోజులూ నాలుక అక్కడే కాపలా.

నేను రాస్తున్న ఈ భాషలో
రాయిని బంగారంలో నిలపడానికీ
కోడి గుడ్ల మీద కూర్చోవడానికీ ఒకటే మాట.
అతనికి ఆ సంగతి తెలియదు గానీ
జిగురు ఆరేదాకా చెక్క మీంచి అరచెయ్యి తియ్యకుండా
ముక్కు దురదపెట్టినా కదలకుండా
అలా వెచ్చగా కూర్చునే అలవాటు మాత్రం ఉంది.

పదకొండో రోజు పింగాణీ ముక్క వచ్చింది.
పెట్టేముందు చూస్తానన్నాడు.
ఆమె పట్టకారుతో కిటికీ వెలుగులో పట్టుకుంది:
బియ్యపు గింజకి పెద్దక్క.
"ఇంత పనీ చేసి, ఎవరికీ కనపడదా?"
"కనపడితే నేను ఓడిపోయినట్టు."
అతను చాలాసేపు మాట్లాడలేదు.
కనపడకపోతే
అతనికి కూలి దక్కదు.

ముక్క దించి, జిగురు మీద దీపం చూపి
నీలి కాగితం పళ్ల మధ్య పెట్టింది.
కొరకమంది. పక్కకి నూరమంది.
నీలం అంటినచోట ఎత్తు. అక్కడ అరగదీసింది.
మళ్లీ కాగితం. మళ్లీ.
"నేనైతే దీపపు మసి రాస్తాను," అన్నాడు,
"మసి అంటినచోటే ఉలి."
"తెలుసు. మా నాన్న ఊద్ వాయిద్యాలు చేసేవాడు.
మసి రాసేదాన్ని నేనే."

ఆ వారమే ఒక పెట్టె మూతలో పుచ్చు తేలింది.
మామూలుగా అయితే అలాంటిచోట
ముత్యపుచిప్ప నక్షత్రం ఒకటి పెట్టి
దానికి ఇంకో నలభై దిర్హాములు అడిగేవాడు.
ఈసారి పుచ్చు తొలిచి, మూలలు గుండ్రం చేసి
థుయాలో థుయానే దించాడు,
మచ్చకి మచ్చ కలిసేదాకా
ముక్కని తిప్పి, తిప్పి, వద్దనుకుని, మళ్లీ తిప్పి.

లక్క పూత పెట్టాక
కొట్లో కుర్రాడు ఇద్దర్ మూతని వీధిలోకి తీసుకెళ్లి
ఎండలో వాల్చి వెతికాడు. గోటితో గీరి చూశాడు.
"ఎక్కడ పెట్టావు, మేస్త్రీ?"
సీ మహ్జూబ్ కుడివైపు బాదంపప్పు నములుతున్నాడు.
"నాలుకతో వెతకరా," అన్నాడు.

పెట్టె మర్నాడు మామూలు ధరకే పోయింది.
కొన్నావిడ మూత రెండుసార్లు తీసి మూసి
లోపలి పరిమళం మాత్రం
గట్టిగా పీల్చింది.