సంతకం పెట్టి లోపలికి రండి

పుళియాంతోపు బ్రాంచి లైబ్రరీలో
మూడో ఫ్యాను తిరగదు.
దాని కిందే తెలుగు బీరువా.
తాళంచెవి నా జేబులో ఉంటుంది గానీ
తాళం తుప్పుపట్టి ఎప్పుడో ఊడిపోయింది.

ఆ మంగళవారం సాయంత్రం
పదకొండు మంది ఆడవాళ్లు వచ్చారు.
పొదుపు సంఘం వాళ్లు.
కొందరి ఒంటిమీద ఇంకా కార్పొరేషన్ కోటు.
ముందు నిలబడ్డ పెంచలమ్మ చేతిలో ప్లాస్టిక్ కవరు,
కవర్లో నోటీసు:
కాలవగట్టు ఇళ్లు ఆక్రమణ,
ఇరవై ఒక్క రోజుల్లో ఆధారాలు చూపాలి.

"యాభై ఏళ్లుగా ఈడనే ఉండామని
ఏ పుస్తకంలోనన్నా రాసుండాదా సారూ?"

ఇక్కడ నన్నెవరూ అలాంటిది అడగరు.
గ్రూప్ ఫోర్ గైడు అడుగుతారు,
ఇవాళ్టి పేపరు అడుగుతారు,
బాత్రూం ఎటని అడుగుతారు.

పొర్కొడి మేడమ్ కళ్లజోడు నుదుటికి తోసి
కూర్చోమంది. కుర్చీలు తొమ్మిదే.
ఇద్దరు పిల్లల బల్లమీద సర్దుకున్నారు,
మోకాళ్లు గడ్డాలకు తగులుతుంటే నవ్వుకుంటూ.

గెజిట్లు దించాం.
దుమ్ముకు నేను తుమ్ముతుంటే
పెంచలమ్మ కొంగుతో అట్టలు తుడిచింది,
"దుమ్ము మాకు కొత్తనా" అంటా.
గెజిట్లో కాలవ వెడల్పుంది, లోతుంది,
కొట్టేసిన తుమ్మచెట్ల వేలం ధర
అణాలతో సహా ఉంది.
మనుషులు లేరు.

పటం పరిచాం.
వాళ్ల వీధి ఉండాల్సిన చోట తెల్ల కాగితం.
రాజేశ్వరమ్మ వేలు పెట్టి చూపింది:
"ఇదిగో, ఈడ నా పొయ్యి ఉండాది."

డ్యూటీ దిగి రోజూ వచ్చారు.
తమిళంలో ఉన్నది వాళ్ల పిల్లలు చదివారు,
ఇంగ్లీషు మేడమ్ చదివింది.
తెలుగు ఎవరూ అడగలేదు.
ఆ మాట తిట్టుకోడానికి, జోలపాడ్డానికి వాళ్లకుంది;
రాత మాత్రం మూడు తరాల కింద జారిపోయింది.

ఎనిమిదోనాడు వాన.
అటక కారుతుంటే పాత కట్టలు కిందికి లాగాను.
వచ్చిపోయేవాళ్ల రిజిస్టర్లు.
పనికిరానివి, తూకానికెయ్యమని
రెండుసార్లు మెమో వచ్చింది.
నా బద్ధకమే వాటిని కాపాడింది.

డెబ్బై మూడు, నవంబరు ఆరు.
తమిళ సంతకాల మధ్య ఒక వంకర తెలుగు వరస:
మస్తానయ్య, 14, కాలవగట్టు వీధి.
మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే.
శుక్రవారాలు సెలవు కనక లేడు.

"మా తాత" అంది పెంచలమ్మ.
వెంటనే,
"ఆయనకు చదువెక్కడిది సారూ!
ఈడికెందుకొచ్చినాడు?"

'చదివినది' అనే గడిలో
రెండేళ్లపాటు ఒట్టి గీత.
బహుశా ఫ్యాను కింద కూర్చోడానికే వచ్చాడు.
అప్పుడు మూడూ తిరిగేవేమో.
డెబ్బై అయిదు చివర్లో, గీత ఉండాల్సిన చోట,
తలకట్టు మర్చిపోయి దిద్దిన ఒక మాట:
పేపరు.

"మళ్లీ చదువు" అంది.
చదివాను.
"పేరు కాదు, ఇంటి నంబరు" అంది.
అందరూ విన్నారు.
ఎవరో వెనకనుంచి, మా మామది కూడా ఉంటాదేమో చూడు సారూ.
అప్పటికి రాత్రి ఎనిమిది దాటింది. మేడమ్ తలుపు మూయలేదు.

అరవై మూడు పేజీలు జిరాక్సు,
ప్రతి పేజీ మీదా లైబ్రరీ ముద్ర.
ఇంకు చాలక ఆఖరి పది పేజీల్లో ముద్ర లేత ఊదా.
ఆఫీసువాళ్లు ఒప్పుకుంటారో లేదో నాకు తెలీదు.
వాయిదా మాత్రం పడింది, అంతవరకే తెలుసు.

గుమ్మం దాటిన పెంచలమ్మ వెనక్కొచ్చింది.
"ఇన్ని దినాలూ నేను సంతకమే పెట్టలా."
నిజమే. పదకొండు మందీ అని
నేనే రాసేస్తూ వచ్చాను.

పెన్ను విదిల్చి, తమిళంలో,
నిదానంగా పేరు రాసింది.
14 రాసింది. వీధి రాసింది.
వచ్చిన వేళ నా గడియారం చూసి రాసింది.

వెళ్లిన వేళ గడి
ఖాళీగా వదిలేసింది.
నేను నింపలేదు.